షవర్ గోడకు ఏ రాయి, ఏ టైలు? పాలరాయితో మొదలై పోర్సలీన్‌తో ముగిసిన ఒక కేస్ స్టడీ

ఫోను చేసిన ఆవిడ మొదటి మాటే పాలరాయి గురించి. "షవర్ గోడలకు తెల్ల పాలరాయి వేయించాలని ఉందండీ, ఎన్ని రోజులు పడుతుంది?" అని అడిగారు. మాటలన్నీ అయిపోయాక, అదేమంత పెద్ద విషయం కాదన్నట్టుగా, పక్క పడకగదిలో గోడ కింది భాగం ఉబ్బి పెయింటు పెచ్చులుగా రాలుతోందని చెప్పారు. నాకు ఆ ఫోను సంభాషణలో పనికొచ్చిన మాట ఆ చివరిదే. గోడ చూసేదాకా రాయి సంగతి తేల్చవద్దని చెప్పి, మర్నాడే వెళ్ళాను.

పాత బాత్రూములు విప్పి మళ్ళీ కట్టడమే నా పని. ఈ పనిలో 20 ఏళ్ళుగా చూస్తున్నది ఒకటే వరస: ఇంటివాళ్ళు రంగు, మెరుపు, డిజైను ఎంచుకుంటారు, తర్వాత కొలతలు, చివరికి గోడ. నేను ఆ వరసను తిరగేస్తాను. ముందు గోడ, తర్వాత దాన్ని వాడే మనుషులు, కడిగే చేతులు, వచ్చే నీళ్ళు. రంగు ఆఖరున. ఈ ఇంట్లో ఆ వరస పాటించడం వల్ల ఏమి మారిందో, ఎక్కడ నేను తప్పు చేశానో వివరంగా రాస్తున్నాను.

గోడ చెప్పిన సంగతి

షవర్ స్థలం 1500 మి.మీ. వెడల్పు, 900 మి.మీ. లోతు. మూడు వైపులా ఇటుక గోడలు, నాలుగో వైపు గాజు. గోడల మీద 18 ఏళ్ళ కిందటి 200×300 మి.మీ. సిరామిక్ టైల్స్. ఒక్క టైలు కూడా పగల్లేదు, రంగు వెలవలేదు. ఇంటాయన ఆ మాటే అన్నారు: "చూడండి, టైల్స్ గట్టిగానే ఉన్నాయి కదా, నీళ్ళు ఎక్కడినుంచి వెళ్తున్నాయి?"

నాణెంతో తట్టి చూస్తే మూడో వంతు టైల్స్ డొల్లగా మోగాయి. నేల, గోడ కలిసే చోట గ్రౌట్, అంటే టైల్స్ సందుల్లో నింపే పదార్థం, సన్నటి గీతలా చీలి ఉంది. నిలువు మూలల్లో రెండు చోట్ల గ్రౌటే లేదు. వేడినీళ్ళు, చన్నీళ్ళు కలిపే మిక్సర్ కుళాయి చుట్టూ ఉన్న స్టీలు రేకు పక్కకు జరిపితే, దాని వెనక టైలుకు కొట్టిన కన్నం పైపుకన్నా రెండింతలు ఉంది. దాన్ని ఎవరూ పూడ్చలేదు.

ఇక్కడ తొందరపడి తీర్పు చెప్పకూడదు. గోడ తడుస్తున్నదంటే కారణం లోపలి పైపు కావచ్చు, నేల కావచ్చు, గోడ పైభాగమే కావచ్చు. ప్లంబర్ చేత పైపుల చివరలు మూయించి, గేజి బిగించి, పంపుతో ఒత్తిడి పెట్టించాను. రెండు గంటలు ముల్లు కదల్లేదు. పైపులు బాగున్నాయి. తర్వాత నీళ్ళు బయటికి పోయే గొట్టం మూసి, ఒక రోజంతా షవర్ నేల మీద నీళ్ళు నిలబెట్టాం. పడకగది వైపు తేమ మీటరు రీడింగు కొద్దిగా పెరిగింది. మూడో రోజు నేలను వదిలేసి గోడల మీదే, ముఖ్యంగా మూలల మీద, 20 నిమిషాలు షవర్ పట్టాం. సాయంత్రానికి అదే మీటరు చాలా పైకి వెళ్ళింది. పడకగదితో పంచుకున్న ఆ గోడ సగం ఇటుక మందమే, 115 మి.మీ. నీళ్ళకు అదేమంత దూరం కాదు.

ఆ రోజు ఇంటివాళ్ళందరినీ కూర్చోబెట్టి చెప్పిన మాట ఇది: టైలు నీటిని ఆపదు, టైల్స్ మధ్య గ్రౌట్ అసలే ఆపదు. సిమెంటు గ్రౌట్ నీటిని పీల్చుకుంటుంది, సన్నగా చీలుతుంది. టైలు చేసే పని గోడకు ఒక గట్టి, శుభ్రం చేయగల చర్మం ఇవ్వడం వరకే. నీటిని ఆపాల్సింది దాని వెనక ఉండే వాటర్‌ప్రూఫ్ పొర. మీ గోడకు ఆ పొర లేదు. దాని మీద ప్రపంచంలోని ఏ రాయి వేసినా మళ్ళీ ఇదే జరుగుతుంది.

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. "అయితే పాలరాయి వద్దంటారా?" అన్నారు. ఇంకా ఆ ప్రశ్న దగ్గరికి రాలేదన్నాను.

వాడేవాళ్ళు, కడిగేవాళ్ళు, నీళ్ళు

ఆ షవర్‌ను రోజూ వాడేది ఆరుగురు: భార్యాభర్తలు, ముగ్గురు పిల్లలు, ఆయన తల్లి. పెద్దావిడ వయసు 74. స్టూలు మీద కూర్చుని వేడినీళ్ళతో స్నానం చేస్తారు. నీళ్ళు బోరు నుంచి వస్తాయి. కుళాయి మూతిని చూస్తేనే తెలిసిపోయింది, తెల్లటి గార దళసరిగా పేరుకుని ఉంది. కఠిన జలంలోని కాల్షియం అది. "ఈ గారను ఎలా వదిలిస్తారు?" అని అడిగాను. ఆవిడ సింకు కింద నుంచి ఒక సీసా తీసి చూపించారు. యాసిడ్ కలిసిన క్లీనర్. వారానికి ఒకసారి గోడలన్నిటి మీద పోసి రుద్దుతారట.

నా లెక్కలో పాలరాయి అక్కడే ఆగిపోయింది. కానీ ఒకరి కోరికను మాటతో కొట్టిపారేయడం నాకు ఇష్టం ఉండదు. మనిషి కళ్ళతో చూసి వదులుకున్న కోరిక మళ్ళీ వేధించదు. నా మాట మీద గౌరవంతో వదులుకున్నది మాత్రం టైల్స్ చూసినప్పుడల్లా గుర్తొస్తుంది. అందుకని ఎనిమిది రకాల ముక్కలు తెచ్చి వాళ్ళ బాత్రూములోనే గోడకు ఆనించి పెట్టాను: తెల్ల పాలరాయి, గ్రానైట్, మామూలు సిరామిక్, మెరిసే నల్ల పోర్సలీన్ (నీరు చాలా తక్కువ పీల్చే టైలు), బాగా గరుకైన పోర్సలీన్, లేత బూడిద రంగులో సాటిన్ (మరీ మెరవని, నున్నటి) పోర్సలీన్, ఆక్రిలిక్ షీటు, పీవీసీ ప్యానెల్. పది రోజులు అందరూ ఎప్పటిలాగే స్నానం చేయండి, ముక్కల మీద నీళ్ళు, సబ్బు, షాంపూ పడనివ్వండి అన్నాను.

పదో రోజు ఆవిడ క్లీనర్‌నే ఒక్కో ముక్క మీద ఒక్కో చుక్క వేశాం. పాలరాయి మీద చుక్క బుసబుసమని పొంగింది. పిల్లలు నవ్వారు, ఆవిడ నవ్వలేదు. కడిగి వెలుతురుకు అడ్డంగా పట్టి చూస్తే, చుక్క పడినంత మేర మెరుపు పోయి మసక గుండ్రం మిగిలింది. పాలరాయి అంటే ముఖ్యంగా కాల్సైట్, అంటే కాల్షియం కార్బొనేట్. కుళాయి మీద పేరుకున్న గార కూడా అదే పదార్థం. గారను కరిగించే క్లీనర్ రాయిని కరిగించకుండా ఎలా ఉంటుంది? ఈ ఒక్క వాక్యం ఆవిడకు వెంటనే అర్థమైంది. సీలర్ పూస్తే సరిపోదా అని ఇంటాయన అడిగారు. సీలర్ మరకలు లోపలికి ఇంకకుండా కొంతవరకు కాపాడుతుంది, యాసిడ్ పై మెరుపును తినకుండా కాపాడలేదు.

పాలరాయి చెడ్డదని నేను అనడం లేదు. మెత్తటి నీళ్ళు వచ్చి, యాసిడ్ ముట్టుకోకుండా, స్నానం అయ్యాక రబ్బరు పట్టీతో గోడ తుడిచే అలవాటు ఉన్న ఇంట్లో అది హాయిగా ఉంటుంది. ఈ ఇంట్లో ఉండదు.

రాయి గురించి ఇంకో మాట ఇక్కడే చెప్పాలి. చాలా ఏళ్ళ కిందట ఒక షవర్‌కు ముదురాకుపచ్చ రాయి వేశాను. పాలరాయి పేరుతోనే అమ్ముతారు, నిజానికి అది సర్పెంటైన్. మామూలు నీళ్ళు కలిపే జిగురుతో అతికించాను. వారం తిరక్కుండానే పలకల అంచులు పైకి లేచాయి. ఆ జాతి రాళ్ళలో కొన్ని ఒక వైపు నీరు పీల్చుకుని వంగుతాయి, వాటికి నీళ్ళు లేని ఎపాక్సీ జిగురు వాడాలి. అది తెలియక చేసిన తప్పు. పలకలన్నీ నా ఖర్చుతో తీసి మళ్ళీ వేశాను. అప్పటినుంచి రాయి పేరును నమ్మను, అది ఏ రాయో తేలాకే జిగురు గురించి ఆలోచిస్తాను.

మిగతా ముక్కల సంగతి. గ్రానైట్ యాసిడ్ చుక్కకు చలించలేదు, కానీ ఆ చుక్కలచుక్కల తీరు ఆవిడకు నచ్చలేదు. నచ్చని రాయిని రోజూ చూడమని ఎవరికీ చెప్పను. మెరిసే నల్ల పోర్సలీన్ మొదటి రోజు అందరికీ నచ్చింది. పదో రోజుకు దాని మీద ఆరిన ప్రతి చుక్కా తెల్లటి మచ్చగా కనిపించింది. బోరు నీళ్ళున్న ఇంట్లో ముదురు రంగు మెరుపు టైల్ వేయడమంటే రోజూ తుడిచే పని పెట్టుకోవడమే. గరుకు టైలు దానికి ఎదురు: మచ్చలు కనబడవు, కానీ సబ్బు జిడ్డు ఆ గరుకులో కూర్చుని గుడ్డకు రాలేదు. గరుకుదనం కాళ్ళకింద కావాలి, గోడ మీద దాంతో పని లేదు. సాటిన్ ముక్క మీద మచ్చలు ఉన్నాయి, వెతికితే తప్ప కనిపించలేదు. ఒక్క తుడుపుతో పోయాయి.

ఆక్రిలిక్ షీటు గురించి కాస్త న్యాయంగా మాట్లాడాలి. నా తోటివాళ్ళు చాలామంది దాన్ని తీసిపారేస్తారు. ఒక గోడకు ఒకటే షీటు, మధ్యలో సందులు లేవు, గ్రౌట్ లేదు, ఒక రోజులో పని అయిపోతుంది. 4 మి.మీ. షీటు చదరపు మీటరుకు అయిదు కిలోల లోపే తూగుతుంది, పాత గోడలకు అది పెద్ద ఊరట. కానీ గరుకు పీచుతో రుద్దితే గీతలు పడతాయి, అసిటోన్ లాంటి ద్రావకాలు తగిలితే పాడవుతుంది. ఆవిడ చేతిలోని పీచుతోనే రుద్దించాను, వెలుతురులో గీతలన్నీ కనిపించాయి. పీవీసీ ప్యానెల్ లోపల బోలు గదులుంటాయి. కోసిన అంచును సరిగా మూయకపోతే నీళ్ళు ఆ గదుల్లో చేరి అక్కడే ఉండిపోతాయి. వెనక పొర సరిగా ఉన్నచోట, త్వరగా ముగించాల్సిన పనికి ఈ రెండూ పనికొస్తాయి. మరో 20 ఏళ్ళు ముట్టుకోకూడదనుకుంటున్న ఈ షవర్‌కు మాత్రం వద్దన్నాను. సందుల్లేని మైక్రోసిమెంటు పూత గురించి పెద్ద కొడుకు అడిగాడు. చేయి తిరిగిన మనిషి దొరికితే అందంగా ఉంటుంది, పైపూత అరిగినప్పుడల్లా మళ్ళీ పూయాలి. ఆరుగురు వాడే షవర్‌లో ఆ అరుగుదల ఎక్కువ.

ఇక సిరామిక్, పోర్సలీన్. టైల్స్‌కు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 13006 వర్గీకరణలో 0.5 శాతం లేదా అంతకన్నా తక్కువ నీరు పీల్చే టైలునే పోర్సలీన్ వర్గంలో పెడతారు. మామూలు గోడ సిరామిక్ 10 శాతానికి పైగా పీలుస్తుంది. ఈ అంకెలు చూసి సిరామిక్ షవర్‌కు పనికిరాదని చెప్పేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. సిరామిక్ ముఖం మీద గాజు లాంటి పూత ఉంటుంది, వెనక వాటర్‌ప్రూఫ్ పొర ఉంటే గోడకు అది చాలు. ఈ ఇంటి పాత టైల్స్ 18 ఏళ్ళు చెక్కుచెదరకుండా ఉన్నాయి కదా, తప్పు వాటిది కాదు. ఇక్కడ పోర్సలీన్ వైపు నేను మొగ్గడానికి కారణం సైజు. పెద్ద సైజులో తిన్నటి అంచులతో ఎక్కువగా వచ్చేది అదే.

ఎందుకు పెద్ద టైలు

ఒక చదరపు మీటరు గోడలో గ్రౌట్ గీత ఎంత పొడవుంటుందో నేను ప్రతి ఇంట్లోనూ లెక్క వేసి చూపిస్తాను. 200×300 మి.మీ. టైల్స్‌కు సుమారు 8.3 మీటర్లు. 600×1200 మి.మీ. టైల్స్‌కు 2.5 మీటర్లు. ఈ షవర్ మూడు గోడలూ 2400 మి.మీ. ఎత్తు, మొత్తం 7.92 చదరపు మీటర్లు. అంటే పాత గోడల్లో 66 మీటర్ల గ్రౌట్ ఉండేది, కొత్త గోడల్లో 20 మీటర్లు ఉంటుంది. వారం వారం సందులను బ్రష్షుతో తోమే మనిషికి ఈ లెక్క వివరించనక్కర్లేదు. "ఇది ముందే చెప్పాల్సింది, పాలరాయి మాట ఎత్తేదాన్నే కాదు" అన్నారు ఆవిడ.

ఇంటాయన 800×1600 కావాలన్నారు. దానికి ఒప్పుకోకపోవడానికి గోడే కారణం. అల్యూమినియం బద్ద ఆనించి చూస్తే వెనక గోడ రెండు మీటర్లలో 9 మి.మీ. వంపు తిరిగి ఉంది. 380 మి.మీ. కన్నా పొడవైన అంచున్న టైల్స్‌కు 3 మీటర్లలో 3 మి.మీ. మించి తేడా ఉండకూడదన్నది అమెరికా ఏఎన్ఎస్ఐ ప్రమాణం. నేను ఏ ఇంట్లోనైనా అదే పాటిస్తాను. ఎలాగూ కొత్త ప్లాస్టరింగ్ చేయాలి కాబట్టి గోడను సరిచేయవచ్చు, కానీ టైలు పెరిగేకొద్దీ ఇరుకు షవర్‌లో దాన్ని తిప్పడం, మట్టం పట్టడం కష్టమవుతుంది. పైగా 600×1200 ఈ గోడలకు కొలిచి కుట్టినట్టు సరిపోయింది.

ఆ అమరిక చెప్పి తీరాలి, ఎందుకంటే ఈ పనిలో నాకు బాగా తృప్తినిచ్చిన భాగం అది. టైలును అడ్డంగా పెడితే 2400 ఎత్తుకు నాలుగు వరసలు. వెనక గోడ 1500, అంటే ఒక పూర్తి టైలు, దాని పక్కన 300 ముక్క. పక్క గోడలు 900, అంటే 1200 టైలులో 300 కోసేస్తే మిగిలేది. అలా కోసిన 300 ముక్కనే మూల తిప్పి వెనక గోడకు పెట్టాం. ఒకే టైలు రెండు గోడల మీద పడింది కాబట్టి టైలులోని లేత చార మూల దగ్గర ఆగకుండా మలుపు తిరిగింది. వరసకు మూడు టైల్స్, మొత్తం 12. మిగిలిన నాలుగు ముక్కల్లో రెండు సబ్బు, షాంపూ పెట్టుకునే మూల అరలయ్యాయి. గోడలో గూడు కావాలని పిల్లలు అడిగారు. సగం ఇటుక గోడలో గూడు తొలిస్తే అవతల పడకగది కనిపిస్తుంది. మందం ఉన్నా నేను గూడుకు త్వరగా ఒప్పుకోను. ప్రతి గూడూ పొరలో మరో నాలుగు లోపలి మూలలు, నాలుగు అంచులు పెంచుతుంది. నీళ్ళు వెతికేది వాటినే.

బరువు లెక్క కూడా చూశాం. 9 మి.మీ. పోర్సలీన్ చదరపు మీటరుకు సుమారు 21 కిలోలు. 20 మి.మీ. పాలరాయి అయితే 54. గట్టి ఇటుక గోడ, సిమెంటు ప్లాస్టర్ కాబట్టి ఏదైనా మోసేదే. జిప్సం ప్లాస్టర్ మీదో, చట్రానికి బిగించిన బోర్డు మీదో వేసేటప్పుడు ఈ అంకె పనిని ఆపేయగలదు. చట్రం గోడలున్న ఇళ్ళలో షవర్ లోపల మామూలు జిప్సం బోర్డు పెట్టవద్దు. సిమెంటు బోర్డు తడిసినా కుళ్ళదు, కానీ నీళ్ళను తనలోంచి పోనిస్తుంది, దాని మీదా పొర వేయాల్సిందే.

పాతవి ఊడదీశాక

పాత టైల్స్ ఊడదీయడానికి సుత్తితో పెద్దగా పని పడలేదు, చాలావరకు స్క్రూడ్రైవరు అంచుతో లేచి వచ్చాయి. వెనక చూస్తే ఎందుకో తెలిసింది: టైలు మధ్యలో ఒక ముద్ద, నాలుగు మూలల్లో నాలుగు ముద్దలు సిమెంటు పెట్టి గోడకు అద్దారు. ముద్దల మధ్య ఖాళీ అంతా నీళ్ళు తిరిగే దారి. కింది వరసల వెనక ఆ ఖాళీల్లో నల్లటి బూజు, తెల్లటి ఉప్పు. మేస్త్రీ ఒక టైలును తిప్పి ఇంటాయనకు చూపించి, "ముఖం కడిగి పెట్టారు సార్, వీపు ఎవరూ చూడలేదు" అన్నాడు.

పాత ప్లాస్టర్ ఇటుక దాకా చెక్కేశాం. కొత్త ప్లాస్టర్ వేసి, తడిపి, తర్వాత ఆరనిచ్చాం. ఇక్కడే అందరికీ ఓపిక పోతుంది. ఇంట్లో రెండో బాత్రూము ఉండబట్టి నాలుగు వారాలు ఆగగలిగాం. ఆరిందో లేదో చూడడానికి గోడకు ప్లాస్టిక్ కాగితం నాలుగు అంచులా టేపుతో అతికించి రాత్రంతా ఉంచాను. మొదటిసారి లోపలి వైపు చెమట పట్టింది. అంటే గోడలోంచి ఇంకా తేమ వస్తోంది. ఇంకో వారం ఆగాం. రెండోసారి పొడిగా వచ్చింది.

వాటర్‌ప్రూఫ్ పొరకు పాలిమర్ కలిసిన రెండు భాగాల సిమెంటు పూత వాడాం. ముందు నేల అంచుల్లో, నిలువు మూలల్లో, పైపులు బయటికి వచ్చే చోట్ల గుడ్డపట్టీలు, రబ్బరు వలయాలు పూతలో ముంచి అతికించాం. తర్వాత మొదటి పూత అడ్డంగా, అది గట్టిపడ్డాక రెండో పూత నిలువుగా. రెండో పూతకు కొంచెం వేరే రంగు తీసుకున్నాం, బ్రష్షు వదిలేసిన చోటు ఉంటే కంటికే పట్టుబడుతుంది. ఆరాక మొత్తం మందం సుమారు 2 మి.మీ. నేలతో పాటు మూడు గోడలకూ షవర్ తలకన్నా పైదాకా వేశాం. నీళ్ళు బయటికి పోయే గొట్టం మూసి 24 గంటలు నీళ్ళు నిలబెట్టాం. నీటి మట్టం దగ్గర పెన్సిల్‌తో గీసిన గీత మరునాడూ అక్కడే ఉంది, పడకగది వైపు మీటరు కదల్లేదు.

అతికించడం

పోర్సలీన్ నీటిని దాదాపు పీల్చదు. అది మంచి గుణమే, కానీ ఆ గుణం వల్లనే మామూలు సిమెంటు పాలు దాన్ని పట్టుకోలేవు. సిరామిక్ వీపు సిమెంటు నీటిని లోపలికి లాక్కుని పట్టు ఇస్తుంది, పోర్సలీన్ ఇవ్వదు. పాత అలవాటుతో సిమెంటు ముద్దలతో వేసిన పోర్సలీన్ గోడ మీదినుంచి ఊడి పడడానికి కారణం ఇదే. దానికి పాలిమర్ ఉన్న టైల్ అడ్హెసివ్ కావాలి. మేము సీ2టీఈ ఎస్1 తరగతిది వాడాం. సీ2 అంటే ఎక్కువ పట్టు, టీ అంటే నిలువు గోడ మీద జారదు, ఈ అంటే పూశాక ఎక్కువసేపు ఆరిపోదు, ఎస్1 అంటే గోడ కొద్దిగా కదిలినా విరగకుండా సాగుతుంది. సంచి మీద ఈ అక్షరాలు చూసే కొనాలి.

గోడకు పళ్ళున్న తాపీతో జిగురు ఒకే దిశలో గీతలుగా లాగి, టైలు వీపుకూ పలుచగా పూసి, అడ్డంగా జరుపుతూ నొక్కాం. గీతలన్నీ ఒకే వైపు ఉంటే గాలి బయటికి పోతుంది, వంకరటింకరగా సున్నాలు చుడితే లోపలే చిక్కుకుంటుంది. తడి చోట్ల టైలు వీపులో 95 శాతానికి జిగురు అంటాలి. మాటకు నమ్మకుండా ప్రతి వరసలో ఒక టైలును తడి ఆరకముందే లాగి చూశాం. రెండో వరసలో లాగినదాని ఒక మూల అరచేయంత మేర వట్టిగా ఉంది. మేస్త్రీ మొహం చిన్నబుచ్చుకున్నాడు, కానీ మారు మాట్లాడకుండా ఆ వరస మూడూ తీసి మళ్ళీ పెట్టాడు. అలాంటి మనిషితో పని చేయడం నా అదృష్టం.

గ్రౌట్ ఎపాక్సీ. అది మరకలు పీల్చదు, ఆవిడ క్లీనర్‌కు కరగదు. సిమెంటు గ్రౌట్ ఆ యాసిడ్‌కు ఏటికేడు అరిగిపోయేది. ఎపాక్సీతో పని చేయడం తేలిక కాదు: చేతి తొడుగులు తప్పనిసరి, కొద్దికొద్దిగా కలుపుకోవాలి, టైలు మీద పడిన పొరను గట్టిపడకముందే తుడవాలి. మరచిపోయి మర్నాడు చూస్తే ఆ మరక టైలుతో పాటే ఉంటుంది. ఎపాక్సీ వేశాం కదా పొర ఎందుకు అని అడిగేవాళ్ళకు ఒకటే జవాబు: సందు నిండినంత మాత్రాన మూల నిండదు. గోడలు కలిసే మూలల్లో, నేల అంచుల్లో గ్రౌట్ పెట్టనే లేదు, సిలికోన్ పెట్టాం. రెండు గోడలు వేర్వేరుగా కదులుతాయి, గట్టి పదార్థం అక్కడ చీలక తప్పదు. సిలికోన్ శాశ్వతం కాదని, నల్లబడినప్పుడో లేచినప్పుడో తీసి కొత్తది వేయించాలని ఇంటాయనకు రాసి ఇచ్చాను.

నేలకు మాత్రం 50 మి.మీ. చిన్న టైల్స్. వాలు అన్ని వైపుల నుంచి గొట్టం దగ్గరికి తిరగాలంటే పెద్ద టైలు వంగదు, చిన్నవైతే వాలుతో పాటు ఒదుగుతాయి. సందులు ఎక్కువ కాబట్టి కాలు అంతగా జారదు. దీని ధర గ్రౌట్‌లో చెల్లించాలి: 1.35 చదరపు మీటర్ల ఆ చిన్న నేలలో 54 మీటర్ల గ్రౌట్, మూడు గోడలకూ కలిపి ఉన్నదానికి రెండింతలకు పైగా. పెద్దావిడ కోసం ఆ ధర సబబే అనుకున్నాం.

తర్వాత

పడకగది గోడకు వెంటనే పెయింటు వేయనివ్వలేదు. నీళ్ళు ఆగినా గోడలో దాచుకున్న తేమ బయటికి రావాలి. తేమతో పాటు ఉప్పు పైకి వస్తుంది. రెండు నెలల పాటు వారానికి ఒకసారి పొడి బ్రష్షుతో ఆ తెల్లటి పొర దులిపారు, తడిగుడ్డ పెట్టవద్దని చెప్పాను. మూడో నెలలో మీటరు మిగతా గోడల స్థాయికి వచ్చింది, అప్పుడు పెయింటు వేశారు. ఏడాది తర్వాత వెళ్ళి చూశాను. పెయింటు ఎక్కడా లేవలేదు. షవర్ గోడలు కొత్తవాటిలా ఉన్నాయి, గార అంతా గాజు తలుపు మీద ఉంది. పాలరాయి మాట ఎవరూ ఎత్తలేదు.

నా తప్పు ఇక్కడ చెబుతాను. పని మొదట్లో పెద్దావిడను అడిగాను, "అమ్మా, లేచేటప్పుడు పట్టుకోవడానికి గోడకు స్టీలు కడ్డీ పెట్టమంటారా?" అని. "నాకెందుకు బాబూ, ఇంకా బాగానే నడుస్తున్నాను" అన్నారు. కోడలు కూడా, "అత్తయ్య అలాంటివి పెట్టించుకోరండీ" అన్నారు. నేను ఆ మాట పట్టుకుని వదిలేశాను. పని ముగిసిన అయిదు నెలలకు ఫోను వచ్చింది. స్టూలు మీదినుంచి లేస్తూ ఆమె తూలారట, గోడ పట్టుకోబోతే నున్నటి టైలు మీద చేయి జారింది. అదృష్టం, దెబ్బ తగల్లేదు. కడ్డీ కావాలని ఆమే అడిగారు.

ఎంత శ్రద్ధగా వేశామో ఆ పొరలోనే ఆరు కన్నాలు కొట్టాల్సి వచ్చింది. డైమండ్ బిట్‌తో, నీళ్ళు చల్లుతూ, దెబ్బ లేకుండా తొలిచాం. దుమ్మంతా ఊది తీసి, కన్నాల్లో రసాయన యాంకర్, అంటే బోల్టును గోడకు పట్టించే జిగురు, నింపి బోల్టులు దించాం, కడ్డీ రేకుల వెనక సిలికోన్ పట్టించాం. మర్నాడు దాని మీదే షవర్ పట్టి మీటరు పెట్టి చూశాను, రీడింగు మారలేదు. అయినా ఆ ఆరు చోట్లు నా మనసులో ఉన్నాయి, ఏడాదికోసారి వెళ్ళి పడకగది వైపు మీటరు పెట్టి వస్తున్నాను.

ఇప్పుడు ఏ ఇంట్లోనైనా పొర వేయకముందే కడ్డీ బోల్టులు గోడలో దించేస్తున్నాను, వాటి చుట్టూ పైపులకు పెట్టినట్టే రబ్బరు వలయాలు పెట్టి పూత వేస్తున్నాను. కడ్డీ ఇప్పుడు వద్దంటే బోల్టుల మీద నున్నటి స్టీలు బిళ్ళలు బిగించి ఉంచుతాను. గోడ మూసేముందు టేపు అడ్డంగా, నిలువుగా పెట్టి పైపుల ఫోటోలు తీసి ఇంటివాళ్ళకు ఇస్తున్నాను, ఎవరైనా ఎప్పుడైనా కన్నం కొట్టాల్సి వస్తే ఎక్కడ కొట్టకూడదో తెలియడానికి.